చూడకుండానే తెలిసేలా: శబ్దం, స్పర్శల మీద పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: చూపు లేనివాళ్ళు కూడా వాడుకునేలా పొదుపు సంఘాల లెక్కల ఆప్ చేస్తున్నాం. ఒక్కో పనికి ఒక్కో బీప్ పెట్టాం. ప్రతి బీప్‌కీ శ్రుతి వేరు. అయినా ఏ శబ్దం దేనికో వాడేవాళ్ళకు గుర్తుండటం లేదు. ఎక్కడ పొరపాటు?
– బి.టెక్. విద్యార్థులు, కాకినాడ

జవాబు: శ్రుతి ఒక్కటే మార్చడంలోనే ఉంది. విడిగా వినిపించిన స్వరం ఎంత ఎత్తులో ఉందో సంగీతం నేర్చినవాళ్ళలోనూ చాలామంది చెప్పలేరు. రెండు స్వరాలు వెంటవెంటనే వింటే తేడా తెలుస్తుంది. కానీ ఆప్‌లో అవి అలా రావు కదా.

ఇలాంటి చిన్న స్వర సంకేతాలను ఇయర్‌కాన్‌లు అంటారు. 1989లో మీరా బ్లాట్నర్, ఆమె సహచరులు ఈ ఆలోచనను ముందుకు తెచ్చారు. వాటిని మనుషులు నిజంగా గుర్తుపడతారా అని పరీక్షించి, పనికొచ్చే కొలతలు ఇచ్చినవారు స్టీఫెన్ బ్రూస్టర్. యార్క్‌లో పరిశోధన చేసి, తర్వాత గ్లాస్గో విశ్వవిద్యాలయంలో స్థిరపడ్డారు. ఆయన సూచనల ప్రకారం ముందు మార్చాల్సింది వాద్యం, ఆ తర్వాత లయ. వాద్యాలు కూడా బాగా ఎడంగా ఉండాలి. వేణువు, మృదంగం అయితే పర్వాలేదు. రెండు రకాల తీగ వాద్యాలు పెడితే మళ్ళీ కలిసిపోతాయి. శ్రుతి మీదే ఆధారపడక తప్పకపోతే రెండు మూడు స్థాయిల (ఆక్టేవ్‌ల) తేడా ఉండాలి. స్వరాలు సుమారు 125 హెర్ట్జ్‌కు తగ్గకుండా, 5,000 హెర్ట్జ్ దాటకుండా చూసుకోండి. ఫోన్ స్పీకర్ కింది స్వరాలను సరిగా పలికించదు కాబట్టి మీరు 300 పైనే మొదలుపెట్టడం మంచిది. ఒక సంకేతానికీ మరోదానికీ మధ్య కనీసం 0.1 సెకను ఖాళీ ఉండాలి. రెండు ఒకేసారి మోగక తప్పకపోతే వాటి వాద్యాలు వేరుగా పెట్టి, రెండోదాన్ని 300 మిల్లీసెకన్లు ఆలస్యంగా మొదలుపెట్టండి.

అర్థాన్ని మాత్రం శబ్దం పెద్దదా చిన్నదా అన్నదానికి ఎప్పుడూ ముడిపెట్టకండి. వాల్యూమ్ వాడేవాళ్ళ చేతిలో ఉంటుంది.

మీ ఆప్‌లో జమలన్నిటికీ వేణువు, అప్పులన్నిటికీ మృదంగం పెట్టండి. కొత్త నమోదుకు రెండు దెబ్బలు, సవరణకు మూడు, తొలగింపుకు ఒక పొడుగు దెబ్బ. అప్పుడు 6 శబ్దాలు బట్టీ పట్టక్కర్లేదు, రెండు సూత్రాలు తెలిస్తే చాలు. ఇలా అంతస్తులుగా అల్లిన 27 మెనూ స్థానాలతో బ్రూస్టర్ చేసిన ప్రయోగంలో, వినేవాళ్ళు తాము ఎక్కడున్నారో 80 శాతానికి పైగా సరిగ్గా చెప్పగలిగారు. పరీక్ష చేసేటప్పుడు వైరున్న ఇయర్‌ఫోన్లు వాడండి. బ్లూటూత్‌లో శబ్దం ఆలస్యంగా వస్తే, అది తర్వాత నొక్కిన బటన్‌దని వాళ్ళు పొరబడతారు.

ప్రశ్న: మా బడిలో చూపు లేని అమ్మాయికి లెక్కల గ్రాఫ్ ఎలా చూపించాలి?
– గణితం టీచర్, ఖమ్మం

జవాబు: చేతికీ చెవికీ, రెండిటికీ అందించండి. గ్లాస్గో బృందం ఫాంటమ్ అనే పరికరంతో గ్రాఫ్‌లు తాకించి చూసింది. అది మీటతో వేలికి ఎదురుబలం ఇస్తుంది. ఉబ్బెత్తు గీత మీద వేలు పక్కకు జారిపోయేది. గీతను గాడిలా తవ్వినట్టు మార్చాక వేలు దాన్నే పట్టుకుని వెళ్ళింది. రెండు గీతలు దాటుకునే చోట మాత్రం పొరబడి రెండోదాని వెంట పోవడం అప్పుడూ కనిపించింది. ఆ పరికరం ఒక్క బిందువు దగ్గరే తాకనిస్తుంది కాబట్టి ఈ ఇబ్బంది. కాగితం మీద అన్ని వేళ్ళూ ఆడతాయి, అందువల్ల ఉబ్బెత్తు గీత చాలు.

దళసరి డ్రాయింగ్ షీటును రబ్బరు మ్యాట్ మీద పరిచి, దర్జీలు గుర్తులకు వాడే పళ్ళ చక్రంతో వెనకవైపు నుంచి నొక్కండి. వెనక నుంచి గీసేది ముందువైపు కుడి ఎడమలు మారి వస్తుంది. ఎక్కువమంది తడబడేది ఇక్కడే. ముందు పెన్సిల్‌తో గీసి, కిటికీ వెలుతురుకు తిప్పి పట్టుకుని వెనక గుర్తు పెట్టుకోండి. అక్షాలకు జిగురుతో అంటించిన దారం వాడితే చక్రం గీతతో కలవదు. పక్కపక్క గీతల మధ్య కనీసం 3 మి.మీ. వదలండి. గళ్ళు మొత్తం గీయకండి, అక్షం మీద గుర్తులు చాలు.

ఇక చెవికి: గ్రాఫ్ ఎడమ నుంచి కుడికి సాగడాన్ని కాలంగా, గీత ఎత్తును శ్రుతిగా మార్చి వినిపించండి. విలువ 0 అయితే 220 హెర్ట్జ్, 50కి 440, 100కి 880. మధ్యలో 550 కాకుండా 440 ఎందుకంటే, చెవి పట్టుకునేది తేడాను కాదు, నిష్పత్తిని. ఒక్కో బిందువుకు పావు సెకను చాలు. రెండు గీతలుంటే ఒకటి ఎడమ చెవికి, ఒకటి కుడి చెవికి ఇవ్వండి.

ప్రశ్న: ఫోన్ కంపనంతో సందేశాలు వేరుగా తెలియజేయవచ్చా?
– గుంటూరు నుంచి ఒక పాఠకుడు

జవాబు: తప్పకుండా. వీటిని టాక్టాన్‌లు అంటారు. 2005లో గ్లాస్గోలో చేసిన పరీక్షలో కంపనాల లయను 93 శాతం, గరుకుదనాన్ని (కంపనం నున్నగా ఉందా, గరగరలాడుతోందా అన్నదాన్ని) 80 శాతం సరిగ్గా గుర్తుపట్టారు. చర్మం 250 హెర్ట్జ్ దగ్గర కంపనాన్ని బాగా పసిగడుతుంది. కానీ చవక ఫోన్లలోని తిరిగే మోటారులో వేగం, బలం కలిసే మారతాయి కాబట్టి గరుకుదనం తేడా చూపడం కష్టం. లయతోనే పని జరిపించండి. 20 మిల్లీసెకన్ల కంపనం పెడితే మోటారు అందుకునేలోపే అయిపోతుంది. 100 మిల్లీసెకన్ల కంపనం, అంతే విరామంతో మొదలుపెట్టండి. ఆండ్రాయిడ్ ప్రోగ్రాములో కంపనాల వరుసను అంకెల జాబితాగా ఇస్తారు, అందులో మొదటి అంకె ఆగాల్సిన సమయం, మోగేది కాదు. ఒక్కసారే మోగాలంటే పునరావృతం (రిపీట్) దగ్గర మైనస్ 1 ఇవ్వాలి. అక్కడ 0 ఉంటే ఆపేదాకా మోగుతూనే ఉంటుంది.

ప్రశ్న: చూపు లేని నాకు పైథాన్‌లో ప్రోగ్రాములు రాసేటప్పుడు వరుస మొదట్లో వదిలే ఖాళీల లెక్క ఎప్పుడూ తప్పుతోంది.
– హైదరాబాద్ నుంచి ఒక విద్యార్థి

జవాబు: తెర మీది రాతను చదివి వినిపించే ఉచిత స్క్రీన్ రీడర్ ఎన్‌వీడీఏలో ఇన్సర్ట్, కంట్రోల్, డి కలిపి నొక్కండి. డాక్యుమెంట్ ఫార్మాటింగ్‌లో లైన్ ఇండెంటేషన్‌ను టోన్స్‌కు మార్చండి. వరుస లోపలికి జరిగిన కొద్దీ స్వరం మారుతుంది, అంకెలు వినే పని తప్పుతుంది. మొదటి వారం మాటలు, స్వరాలు రెండూ పెట్టుకుని చెవి అలవాటయ్యాక మాటలు తీసేయండి.