డెలివరీకి ముందే బ్రెస్ట్ పంప్ కొనాలా?

వచ్చే నెల డెలివరీ, పాపకో బాబుకో ఆరో నెల వచ్చేసరికి ఆఫీసులో ఉండాలి, అమ్మేమో "మేమంతా పంపులతోనే పెంచామా" అంటోంది, మావారేమో రెండు వైపులా ఒకేసారి కరెంటుతో లాగే డబుల్ ఎలక్ట్రిక్ పంప్ కార్టులో పెట్టేసి కూర్చున్నారు, ఏం చేయమంటారు అని అడిగారు. కొనండి, కానీ ఇప్పుడు కాదు. ఉద్యోగంలో చేరడానికి రెండు మూడు వారాల ముందు కొంటే సరిపోతుంది.

మొదటి రెండు మూడు రోజులు వచ్చేవి ముర్రుపాలు. చిక్కగా, చుక్కలు చుక్కలుగా వస్తాయి. పంప్ పెడితే ఆ కాస్తా ప్లాస్టిక్‌కే అంటుకుపోతుంది. మా పాప మొదట్లో సరిగ్గా పట్టకపోతే నర్సమ్మ చేత్తో పిండి ఉగ్గుగిన్నెతో తాగించింది. ఆవిడ దగ్గర చేత్తో పిండడం నేర్చుకోండి, పైసా ఖర్చు లేదు. తర్వాత పాలు పడ్డాక రొమ్ములు గట్టిపడి సలుపుతాయి. అప్పుడు పంప్ చేతికందేలా ఉంటే మొత్తం లాగేయాలనిపిస్తుంది. లాగితే బిడ్డకి అన్ని పాలు కావాలేమో అనుకుని ఒళ్లు ఇంకా ఎక్కువ తయారు చేస్తుంది. ఆ పైన గడ్డలు, జ్వరం. బిడ్డ నోటికి అందేంత మెత్తబడే వరకు చేత్తో తీసి వదిలేయండి.

ఒక్క సందర్భంలో మాత్రం ఆగకూడదు. నెలలు నిండకుండా పుట్టి బిడ్డ ఎన్ఐసీయూలో (పసికందుల ఐసీయూలో) ఉన్నా, చన్ను పట్టలేకపోయినా మొదటి రోజు నుంచే పాలు తీయడం మొదలుపెట్టాలి. రాత్రితో కలిపి రోజుకి ఎనిమిది సార్లు. దానికి ఆసుపత్రుల్లో వాడే పెద్ద పంప్ కావాలి. హైదరాబాద్ లాంటి చోట అద్దెకి దొరుకుతుంది, గొట్టాలు, రొమ్ముకి పెట్టే కప్పులు మాత్రం మనవే కొత్తవి కొనుక్కోవాలి.

"పాలు చాలట్లేదేమో, పంప్ పెట్టి చూద్దాం" అని ఎవరైనా అంటే వినకండి. చుట్టాలు తప్పకుండా అంటారు. బిడ్డ చప్పరిస్తే వచ్చే చేపు ప్లాస్టిక్ కప్పుకి చాలామందికి రాదు. కాబట్టి సీసాలో పడ్డది మీకున్న పాల లెక్క కాదు. మొదటి వారం దాటాక రోజుకి ఆరు సార్లైనా ఉచ్చ పోస్తూ, బరువు పెరుగుతుంటే పాలు సరిపోతున్నట్టే. వెల్లుల్లి కారం, పాలసొర పెడితే హాయిగా తినండి, నేనూ లొట్టలేసుకుంటూ తిన్నాను. కానీ పాలు పెరిగేది రొమ్ము ఖాళీ అయినకొద్దీ.

ఇక ఏ పంప్ అన్నది. ఇది ప్రకటనలు చూసి కాదు, మీ ఆఫీసులో గది చూసి తేల్చుకోవాలి. నాది చిన్న బ్యాంకు బ్రాంచి. యాభై మంది ఉద్యోగులున్న చోట క్రెష్, అంటే పిల్లల్ని చూసుకునే చోటు, ఉండాలని చట్టం చెబుతోంది, మేం పదిమందిమి కూడా లేం. బిడ్డకి 15 నెలలు వచ్చేవరకు రోజుకి రెండు పాల విరామాలు చట్టంలో ఉన్నాయి, వాటిని అడిగి తీసుకున్నాను. గది అడిగితే మాత్రం పాత రికార్డుల గది చూపించారు. గడియ పడదు, ప్లగ్ లేదు. తలుపుకి కుర్చీ అడ్డం పెట్టుకుని, వోచర్ల కట్టల మధ్య చేతి పంప్‌తో లాగేదాన్ని. అక్కడ పన్నెండు వేల ఎలక్ట్రిక్ పంప్ ఉన్నా అలంకారమే. చేతి పంప్ వెయ్యి, రెండు వేలల్లో వస్తుంది, రోజుకి ఒకటి రెండు సార్లయితే అదే చాలు. మీకు గడియ, ప్లగ్, సింకు, ఫ్రిజ్ నాలుగూ ఉండి, మూడు సార్లు తీయాల్సి వస్తే మీవారి డబుల్ ఎలక్ట్రిక్‌కి అర్థం ఉంది. సెలవుల్లోనే ఒకసారి వెళ్లి చూసి రండి. అన్నట్టు, 26 వారాల ప్రసూతి సెలవులో ఎనిమిది వారాలు డెలివరీకి ముందే వాడేస్తే మిగిలేది పద్దెనిమిదే, మీ లెక్క మళ్లీ చూసుకోండి.

డబ్బాలో సాధారణంగా చనుమొన దూరే గొట్టం 24 మిల్లీమీటర్లున్న కప్పు వస్తుంది. చాలామందికి అది పెద్దది. చనుమొన గొట్టంలో ఒరుసుకోకుండా కదలాలి, చుట్టూ ఉన్న నల్లటి భాగం పెద్దగా లోపలికి పోకూడదు. నొప్పెడుతుంటే ఓర్చుకోకండి, సైజు మార్చండి. ఇంకోటి, కప్పు కింద చిన్న సిలికాన్ వాల్వ్ ఉంటుంది. కడిగి కడిగి దాని అంచు వెంట్రుకంత చిరిగినా లాగే బలం పోతుంది, పాలు తగ్గిపోయాయని మనం టెన్షన్ పడతాం. వెలుతురుకి పెట్టి చూడండి. స్పేర్ వాల్వ్ దొరికే బ్రాండే కొనండి. వేరేవాళ్లు వాడిన చిన్న పంప్ మాత్రం చెల్లెలు ఇచ్చినా వద్దు, లోపలికి పోయిన పాలు కడగడానికి అందవు.

తీసిన పాలు బయట నాలుగు గంటలు ఉంటాయని రాస్తారు, అది 25 డిగ్రీల లెక్క. మన మే నెలకి అది పనికిరాదు, వెంటనే ఫ్రిజ్‌లోనో ఐస్ ప్యాక్ ఉన్న సంచిలోనో పెట్టేయాలి. ఫ్రిజ్‌లో తలుపు వైపు కాకుండా లోపల పెడితే నాలుగు రోజులు. పైన మీగడలా తేలితే మా అమ్మ విరిగిపోయాయని పారబోయబోయింది. అవి విరగలేదు, మెల్లగా తిప్పితే కలిసిపోతాయి. పొయ్యి మీదా, మైక్రోవేవ్‌లోనూ వేడి చేయకూడదు, వేణ్ణీళ్ల గిన్నెలో సీసా ఉంచితే చాలు. బిడ్డ తాగి వదిలేసినవి రెండు గంటలు దాటితే పారబోయండి.

పంప్ వచ్చాక తెల్లవారుజామున, బిడ్డ తాగిన కాసేపటికి పెట్టి చూడండి, ఆ వేళకి పాలు బాగా ఉంటాయి. ఆ పాలు మాత్రం మీరు పట్టకండి. మీరు పక్కనుంటే చాలామంది బిడ్డలు సీసా ముట్టరు. ఆ పని అమ్మకో మీవారికో ఇచ్చి మీరు వేరే గదిలోకి వెళ్లండి.