చిన్న ఆవిరి రైలు ఎక్కేముందు ఇంజను దగ్గర నిలబడండి

అమ్మాయీ,

పిల్లలిద్దరినీ, మీ అత్తగారినీ తీసుకుని చిన్న ఆవిరి రైలు ఎక్కడానికి వెళ్తున్నామని, ఏమేం చూసుకోవాలో చెప్పమని రాశావు. చాలా సంతోషం వేసింది. అలాంటి బండి వెనక గార్డుగా కూర్చుని, వచ్చినవాళ్లను ఎక్కించి దింపే పనిలోనే నా సెలవు రోజులన్నీ గడిచాయి కదా, అందుకని కాస్త వివరంగానే రాస్తాను.

అన్నిటికంటే ముందు ఒక మాట. బండి మీద కూర్చునేది కొద్ది నిమిషాలే. టిక్కెట్టు తీసుకుని, ఒక చుట్టు తిరిగి, దిగీ దిగగానే వెళ్లిపోయే కుటుంబాలను చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. అక్కడ చూడవలసింది ఇంజను. నీళ్లు, నిప్పు, బొగ్గు కలిసి ఇనుమును ఎలా కదిలిస్తాయో పిల్లలు కళ్లారా చూడగలిగే చోట్లు ఈ రోజుల్లో ఎన్ని ఉన్నాయి? పెద్ద ఆవిరి ఇంజను పక్కన పిల్లవాడిని నిలబెడితే వాడికి చక్రాలు తప్ప ఏమీ కనిపించవు. ఈ చిన్న ఇంజను పొగగొట్టం వాడి నడుము ఎత్తుకు అటూ ఇటూగా ఉంటుంది. మంట, నీటి మట్టం, కదిలే కడ్డీలు అన్నీ కంటికి ఎదురుగానే ఉంటాయి. అందుకని గంటలో ముగించుకుని వచ్చే ఏర్పాటు చేసుకోవద్దు. సగం రోజు కేటాయించు. మొదటి బండి బయలుదేరడానికి గంట ముందే అక్కడ ఉండండి.

వెళ్లేముందు రెండు సంగతులు కనుక్కో. ఆ రోజు నడిచేది ఆవిరి ఇంజనేనా అన్నది మొదటిది. ఇలాంటి రైళ్లను చాలాచోట్ల ఔత్సాహికుల సంఘాలు నడుపుతాయి. అందరూ జీతం లేకుండా పనిచేసేవాళ్లే కనుక బండ్లు రోజూ ఉండవు. కొన్ని రోజుల్లో బ్యాటరీ ఇంజనో పెట్రోలు ఇంజనో కడతారు. గడ్డి బాగా ఎండిపోయి, నిప్పురవ్వ పడితే అంటుకునే కాలంలో ఆవిరి ఇంజన్లను బయటికే తీయకపోవచ్చు. అంత దూరం వెళ్లాక ఈ సంగతి తెలిస్తే పిల్లలు తట్టుకోలేరు.

రెండోది, రెండు పట్టాల మధ్య దూరం ఎంత అని. ఇది మనకెందుకు అనుకోకు. ఎలా కూర్చోవాలన్నది దీన్నిబట్టే ఉంటుంది. 5 అంగుళాలు (127 మి.మీ.), 7¼ అంగుళాలు (184 మి.మీ.) బాగా వాడుకలో ఉన్న కొలతలు. చాలా దేశాల్లో మామూలు రైళ్లు నడిచే ప్రామాణిక మార్గంలో ఈ దూరం 1435 మి.మీ., అంటే 7¼ అంగుళాల మార్గం దానిలో సుమారు ఎనిమిదో వంతు. 5 అంగుళాల పట్టాలను తరచుగా దిమ్మెల మీద నేలకు ఎత్తుగా వేస్తారు. పొడవాటి సీటు మీద అటొక కాలు, ఇటొక కాలు వేసి కూర్చుని, పక్కనుండే పలకల మీద పాదాలు ఆనించాలి. 7¼ అంగుళాల మార్గం ఎక్కువగా నేలమీదే ఉంటుంది. సీటు బాగా కిందికి ఉంటుంది కాబట్టి మీ అత్తగారి మోకాళ్లకు కూర్చోవడం కంటే లేవడం కష్టం. దిగేటప్పుడు ఆమెకు చెయ్యి అందించే మనిషి ఒకరు ఆమె కంటే ముందు దిగి నిలబడాలి. ఆ సంగతి గార్డుకు ముందే చెప్పు, బండిని ఆపి ఉంచుతాడు.

15 అంగుళాల మార్గమైతే ఈ ఇబ్బంది లేదు, పెట్టెలో మామూలుగా కూర్చోవచ్చు. ఇంగ్లండులోని డఫీల్డ్‌లో ఆర్థర్ హేవుడ్ అనే ఆయన తన ఇంటి ఆవరణలో 1874లో ఈ కొలతతో రైలు వేశారు. అంతకుముందు 9 అంగుళాలతో చేసి చూసి, నిలకడ చాలడం లేదని దీనికి మారారు. కెంట్‌లో 1927లో మొదలైన రామ్నీ, హైత్, డిమ్‌చర్చ్ రైలు ఇదే కొలత మీద పదమూడున్నర మైళ్లు నడుస్తుంది. హేవుడ్ పట్టించుకున్న ఆ నిలకడ సంగతి నువ్వు కూడా గుర్తుపెట్టుకోవాలి. 5 అంగుళాల పట్టాల మీద మనిషి కూర్చుంటే బరువంతా పైన ఉంటుంది, కింద ఆధారం జానెడైనా ఉండదు. ఫొటో కోసం ఒక పక్కకు వంగినా, ఎవరికో చెయ్యి ఊపుతూ ఒరిగినా పెట్టె పట్టా తప్పవచ్చు. పెద్దవాళ్లు ఒరిగితేనే ఎక్కువ ప్రమాదం. పిల్లలకు చెప్పి, మనం మరిచిపోతూ ఉంటాం.

ఇక పొద్దున్నే వెళ్లమన్నది ఎందుకో చెబుతాను. చల్లారిన ఇంజనులో నిప్పు వేస్తే దానంతట అది రాజుకోదు, గాలిని లాగేది ఏదీ ఉండదు కాబట్టి. అందుకని పొగగొట్టం నెత్తిన చిన్న విద్యుత్ పంకా పెడతారు. కిరసనాయిల్లో నానబెట్టిన కట్టెముక్కలు అంటించి, అవి బాగా కాలాక కొంచెం కొంచెంగా రాతిబొగ్గు వేస్తారు. ముందు దట్టమైన పొగ, వాసన. ఆ తరువాత చాలాసేపు ఏమీ జరగనట్టే ఉంటుంది. పిల్లలు విసుక్కుంటారు, వెళ్దామంటారు. అప్పుడే వాళ్లను ఒత్తిడి చూపే గడియారం ముందు నిలబెట్టు. సున్నా దగ్గర ఆనుకుని ఉన్న ముల్లు వణికి, పైకి లేవడం మొదలుపెడుతుంది. ఇంకాస్త ఒత్తిడి వచ్చాక డ్రైవరు పంకా తీసేసి, ఒక చిన్న మర తిప్పుతాడు. ఇక ఇంజను తన ఆవిరితోనే తన మంటకు గాలి లాక్కుంటుంది. ఇదంతా అరగంట, కాస్త అటూ ఇటూ. దీన్ని చూసిన పిల్లలకు తరువాత ఏ పాఠంలో బాయిలరు బొమ్మ కనిపించినా విడిగా వివరించనక్కర్లేదు.

బండి కదిలేటప్పుడు పిల్లలను చప్పుడు లెక్కపెట్టమను. రెండు సిలిండర్ల ఇంజను అయితే పెద్ద చక్రం ఒక చుట్టు తిరిగేసరికి నాలుగుసార్లు ఛుక్ అంటుంది. సిలిండరులో పని ముగించుకున్న ఆవిరి పొగగొట్టంలోంచి పైకి దూసుకుపోయే చప్పుడది. పోతూ పోతూ వెనక ఉన్న పొగను లాక్కుపోతుంది, దాంతో కింద మంటలోకి కొత్త గాలి వస్తుంది. కుంపటి ముందు విసనకర్ర విసిరితే నిప్పులు ఎర్రబడినట్టు, ప్రతి ఛుక్కుకూ ఆ మంట రగులుతుంది. బరువు ఎంత ఎక్కువైతే అంత గట్టిగా ఊదుతుంది, అంతగా మంట, అంతగా ఆవిరి. ఎవరూ ఏమీ తిప్పకుండానే అవసరానికి తగ్గట్టు నిప్పు పెరగడం నాకు ఇప్పటికీ అద్భుతంగానే తోస్తుంది.

సేఫ్టీ వాల్వు గురించి చిన్నదానికి ముందే చెప్పి ఉంచు. ఒత్తిడి హద్దు దాటగానే అది హఠాత్తుగా పెద్ద హోరుతో తెరుచుకుంటుంది. తెలియని పిల్లలు హడలిపోయి, ఆ తరువాత బండి దగ్గరికే రామంటారు. “ఇంజనుకు ఆవిరి ఎక్కువైంది, కొంచెం వదిలేస్తోంది, చెవులు మూసుకో” అని చెప్పి ఉంచితే అదే వాళ్లకు ఆటవుతుంది. ఆ హోరు మొదలైనప్పుడు వాల్వు నోటి దగ్గర జాగ్రత్తగా చూడు. తెల్లని మబ్బు నోటికి కొంచెం పైన మొదలవుతుంది. మధ్యలో ఖాళీగా కనిపించే చోట ఉన్నదే ఆవిరి, కంటికి కనబడదు. తెల్లగా కనిపించేది అప్పటికే చల్లబడి ఏర్పడిన నీటి తుంపర. ఏమీ లేదనిపించే ఆ చోటే అన్నిటికంటే ఎక్కువగా కాలుస్తుంది. అందుకని పిల్లల చేతులు ఇంజనుకు బారెడు దూరంలో ఉండాలి, ఆగి ఉన్నా సరే.

బండి నడుస్తుండగా డ్రైవరును మాటల్లో పెట్టవద్దు. చిన్న బాయిలరులో పట్టే నీళ్లు తక్కువ, నిప్పూ తక్కువ. పెద్ద ఇంజనులో చాలాసేపటికి వచ్చే మార్పు ఇక్కడ రెండు మూడు నిమిషాల్లో వస్తుంది. నీళ్లు చాలినంత లేకపోతే మంట పైనున్న లోహం కాలిపోతుంది. అతని కళ్లు నీటి మట్టం చూపే గాజు గొట్టం మీద, దారి మీద ఉండాలి. స్టేషనులో ఆగాక మాత్రం ఎంతైనా అడగండి. సొంత పనిశాలలో ఏళ్ల తరబడి కూర్చుని ఆ ఇంజనును తన చేతులతో తయారు చేసినవాడే దాన్ని నడుపుతుండవచ్చు. పెద్దవాడిని బాయిలరును ఎలా పరీక్షిస్తారో అడగమను. దాన్ని చల్లని నీళ్లతో నింపి, నడిపే ఒత్తిడి కంటే ఎక్కువ ఒత్తిడి పెట్టి చూస్తారు. నీళ్లు దాదాపు అణగవు కాబట్టి ఎక్కడైనా లోపం ఉంటే చెమ్మగా కారుతుందే తప్ప పేలదు. ఆ జవాబు వాడికి తప్పక నచ్చుతుంది.

కూర్చునేటప్పుడు పిల్లలిద్దరిలో ఒక్కొక్కరి వెనకా పెద్దవాళ్లు ఒకరు ఉండాలి. పాదాలు పలక మీదే, చేతులు లోపలే. ఫోను సంచిలో పెట్టెయ్యి. ఏదైనా జారిపడితే దిగి తీయాలని చూడకండి, గార్డుకు చెబితే తరువాత తెచ్చి ఇస్తాడు. రెండుసార్లు ఎక్కండి. మొదటిసారి చివరి పెట్టెలో, మలుపుల్లో ఇంజను కనబడుతుంది. రెండోసారి ఇంజను వెనకే, అక్కడ వేడి, నూనె వాసన, చప్పుడు అన్నీ దగ్గరగా ఉంటాయి, నుసి కూడా పడుతుంది. కంట్లో పడితే నలపకుండా నీళ్లతో కడగాలి. అద్దాలు ఉంటే పెట్టుకోండి. నూలు బట్టలు మంచివి, నైలాను మీద రవ్వ పడితే చిల్లు పడుతుంది. చున్నీ నడుముకు బిగించి కట్టుకో.

పిల్లలు అలసిపోకపోతే ఆఖరి బండి దాకా ఉండండి. నిప్పు దింపడం, బాయిలరు గొట్టాల్లో మసి తోమడం, నీళ్లు వదిలేయడం పక్కనుంచి చూడనిమ్మని అడిగితే సాధారణంగా ఎవరూ కాదనరు.

తేదీ ఖాయం కాగానే ఉత్తరం రాయి. అది ఏ కొలత మార్గమో కూడా తెలిస్తే, మీ అత్తగారు ఏ పెట్టెలో ఎటు తిరిగి కూర్చుంటే సుఖమో చెబుతాను.

ఆశీస్సులతో,
పెదనాన్న