లేపాక్షి చూశాక తాడిపత్రికి వెళ్లండి

అనంతపురంలో రెండు రోజులు ఉంటానని, లేపాక్షి చూడటం అయిపోయిందని, రాతి చెక్కడాలు తీరిగ్గా చూసుకోదగ్గ పాత ఊరు దగ్గరలో ఉందా అని అడిగారు. తాడిపత్రి ఉంది. బస్సులో గంటన్నర ప్రయాణం. మా పెదనాన్న ఊరు కావడంతో చిన్నప్పటి నుంచి వెళుతూనే ఉన్నాను.

ఊళ్లో రెండు గుళ్లున్నాయి. రెండూ విజయనగర కాలంలో పెమ్మసాని నాయకులు కట్టించినవే. చింతల వెంకటరమణస్వామి గుడిలో రథం ఆకారంలో ఉన్న గరుడ మండపాన్ని, గోడల మీది రామాయణ, భాగవత కథలను ఉదయమే చూసేయండి. సాయంత్రాన్ని మాత్రం పెన్నా ఒడ్డున ఉన్న బుగ్గ రామలింగేశ్వరస్వామి గుడికే ఉంచుకోండి. బుగ్గ అంటే నీటి ఊట. లింగం దగ్గర నీరు ఊరుతూ ఉంటుంది కాబట్టి ఆ పేరు.

ఆ గుడి గోపురాలకు పై అంతస్తులు లేవు. చిన్నప్పుడు వాటిని మొండి గోపురాలనుకుని దాటిపోయేదాన్ని. కాలేజీ రోజుల్లో పెదనాన్నతో వెళ్లినప్పుడే వాటి ముందు నిజంగా ఆగాను. మామూలుగా ఆ కాలపు గోపురాల్లో కింది రాతి భాగం సాదాగా ఉంటుంది, బొమ్మల సందడంతా పైన ఇటుకా సున్నంతో కట్టిన అంతస్తుల మీదే. ఇక్కడ ఆ రాతి భాగమే అడుగు నుంచి అంచు దాకా ఖాళీ లేకుండా చెక్కి ఉంది. 19వ శతాబ్దంలో భారతీయ వాస్తు చరిత్ర రాసిన జేమ్స్ ఫెర్గూసన్ కూడా వీటిని ఎంతో మెచ్చుకున్నాడు.

పెదనాన్న ముప్పై ఏళ్లు బండల పాలిష్ ఫ్యాక్టరీలో పనిచేశారు. "మన నాపరాయి పొరలుగా లేచిపోతుందమ్మా, ఇంత సన్నని పనికి ఆగదు. ఇది గట్టి రాయి. ఈ పూసల వరుస చూడు, ఎన్ని పూసలున్నా అన్నీ ఒకటే కొలత. ఆఖరి పూస దగ్గర ఉలి కొంచెం జారినా వరుసంతా పాడైనట్టే" అన్నారు. నేనప్పటిదాకా దేవతలనూ ఏనుగులనూ మాత్రమే చూసేదాన్ని. అంచుల్లోని పూసలను చూడటం ఆయన వల్లే వచ్చింది.

నాలుగు దాటాక వెళ్లండి. నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు బొమ్మలన్నీ గోడలో కలిసిపోయినట్టుంటాయి. ఎండ ఏటవాలుగా పడితే ప్రతి మడతా విడిగా కనిపిస్తుంది. లోపల తడితే స్వరాలు పలుకుతాయని చెప్పే స్తంభాలున్నాయి. ఎవరైనా తట్టి వినిపిస్తామంటే దయచేసి వద్దనండి. అయిదు వందల ఏళ్లుగా నిలిచిన రాయిని మన ముచ్చట కోసం కొట్టడం నాకు మనసొప్పదు.

ఎక్కడ మొదలుపెట్టాలో తోచకపోతే గోపుర ద్వారం పక్కకు వెళ్లండి. మకరం మీద నిలబడి తీగ పట్టుకున్న స్త్రీ కనిపిస్తుంది. ఆ తీగ వెంబడే కళ్లను పైకి పోనివ్వండి.