ప్రధానానికి ముందు మా మేనకోడలికి

బ్రాడీపేట, గుంటూరు

అమ్మలూ,

ప్రభువు నామంలో నీకు శుభాలు. నీ మెసేజ్ చదివాను. ఫోన్లో మాట్లాడదామంటే మధ్యలో మీ నాన్న అందుకుంటాడు, అందుకే తీరిగ్గా రాసి పంపుతున్నాను.

ఒకసారి ప్రధానం, అదే నిశ్చితార్థం, చెడిపోయింది కాబట్టి "ఇతను కూడా వదిలేసి పోడని నమ్మకం ఏంటత్తా?" అని అడిగావు. ముందే తెలుసుకునే దారి ఏదీ లేదమ్మా. పాస్టరు గారూ చెప్పలేరు, ఆ అబ్బాయీ చెప్పలేడు. వదలనని మాట మాత్రం ఇవ్వగలడు. ఆ మాట ఇచ్చే మనిషి ఎలాంటివాడో చూసుకోవడం వరకే మన చేతుల్లో ఉంది. పెళ్లి కుదిరిన ఆడపిల్లలతో పాస్టరమ్మ గారి పక్కన కూర్చుని మాట్లాడే పని నాకు ఏళ్లుగా ఉంది కాబట్టి ఈ విషయంలో కాస్త గట్టిగానే చెప్తాను.

ఇన్‌స్టా పాస్‌వర్డ్ అడిగావట, మీ అమ్మ చెప్పింది. ఆమె మీద కోప్పడకు. పాస్‌వర్డ్ ఇచ్చినవాడు ఇంకో ఫోన్ కొనుక్కోలేడా? బెంజి సర్కిల్ దగ్గర కాఫీ తాగుతూ మాట్లాడినంతసేపూ ఎవరైనా మంచివాళ్లే. తనకు లాభం లేని చోట మాట ఎలా నిలబెట్టుకుంటాడో అది చూడు. స్నేహితుడి దగ్గర తీసుకున్న డబ్బు చెప్పిన తేదీకి ఇచ్చాడా? మంచాన పడ్డ వాళ్ల నాయనమ్మకు అన్నం పెట్టేది ఎవరు? మీ అమ్మను వెంటబెట్టుకుని ఓ ఆదివారం వాళ్లింటికి వెళ్లు. చెప్పకుండా చుట్టాలు దిగినప్పుడు వాళ్లమ్మతో ఎలా మాట్లాడతాడో విను.

కట్నం మాట కూడా జాగ్రత్తగా విను. మొదట్లో "మాకేం వద్దు" అన్నవాళ్లు, ప్రధానం దగ్గర పడేసరికి "మీ అమ్మాయికి మీరు పెట్టుకునేది మీ ఇష్టం" అన్నారంటే మాట మారడం అప్పుడే మొదలైందన్నమాట. 1961 నుంచి కట్నం నేరమే. అయినా ప్రార్థన చేసి మరీ బేరం మొదలుపెట్టేవాళ్లు మన సంఘాల్లో ఉన్నారు.

వాళ్లు ఆర్సీఎం (రోమన్ కాథలిక్), మనం లూథరన్ అని మీ నాన్న టెన్షన్ పడుతున్నాడు. ఫిబ్రవరిలో వాళ్లతో కలిసి గుణదల మేరీమాత కొండెక్కినంత మాత్రాన మన విశ్వాసం కొండెక్కదు. పెళ్లి ఏ గుడిలో, పిల్లల బాప్తిస్మం ఎక్కడ అన్నవి ముందే తేల్చుకోండి, చాలు.

ఇక నువ్వు అడగని సంగతి ఒకటుంది. మీ మామయ్య ఎలాంటివారో నీకు తెలుసు. నన్ను ఏ రోజూ చిన్నచూపు చూడలేదు, ఇచ్చిన మాట తప్పలేదు. అయినా కొన్ని సాయంత్రాలు ఆయన పక్కనే కూర్చుని ఉన్నా లోపల ఎక్కడో వెలితిగా ఉండేది. అది ఆయన లోపం కాదు, నా లోపమూ కాదు. మనిషి ఇవ్వగలిగేది మనిషంత ప్రేమే. అలిసిపోతాడు, మరిచిపోతాడు, చివరికి చనిపోతాడు. మన మనసు అడిగేది మాత్రం అలవని, చావని ప్రేమని. ఆ ఆకలి పెట్టిన దేవుడే దాన్ని తీర్చాలి. ఈ సంగతి తెలియక, మంచి మొగుడు దొరికాక కూడా "తప్పు మనిషిని చేసుకున్నానేమో" అని కుమిలిపోయే పిల్లలను చూశాను.

ఆదికాండం 29లో లేయా సంగతి నిదానంగా చదువు. ఆమె భర్త యాకోబు, తన ఇంకో భార్య అయిన ఆమె చెల్లెలు రాహేలునే ఎక్కువగా ప్రేమించాడు. రూబేను పుట్టినప్పుడు ఇక నా పెనిమిటి నన్ను ప్రేమిస్తాడు అనుకుంది. షిమ్యోను పుట్టినా యాకోబు మనసు మారలేదు. లేవి పుట్టినప్పుడు ఈసారైనా నాతో హత్తుకుని ఉంటాడంది. నాలుగోవాడు యూదా పుట్టినప్పుడు మాత్రం యాకోబు ఊసే ఎత్తకుండా ఈసారి యెహోవాను స్తుతిస్తానంది. అంతటితో ఆమె బాధ తీరిపోయిందని బైబిల్ చెప్పదు. తర్వాతి అధ్యాయంలోనే పుత్రదాత పండ్ల కోసం అక్కాచెల్లెళ్లిద్దరూ మళ్లీ మాటలనుకున్నారు. అందుకే నాకు ఆ కథ మీద గురి. మన ప్రార్థనలూ అంతేగా, ఆదివారం తేలికపడి మంగళవారానికి మళ్లీ బరువెక్కుతాం. కానీ యేసు ప్రభువు పుట్టింది ఎవరికీ అక్కర్లేదనుకున్న ఆ లేయా కొడుకు వంశంలోనే.

హోషేయ ప్రవక్త కథ కూడా నీకు ఎవరో ఒకరు చెప్తారు. తనను విడిచిపోయిన భార్యను పదిహేను తులాల వెండీ యవలూ ఇచ్చి తిరిగి తెచ్చుకున్నాడు. అది మనం విడిచిపోయినా మనల్ని విడవని దేవుడి గురించి చెప్పిన కథ. దాన్ని అడ్డం పెట్టుకుని, కొట్టే మొగుణ్ణి, మోసం చేసే మొగుణ్ణి ఓర్చుకోమని ఆడపిల్లలకు బోధించేవాళ్ల మాట వినకు. అలాంటిదేదైనా జరిగితే ఎవరినీ అడక్కుండా మా ఇంటికి వచ్చేయ్.

ఈ సంబంధం కుదరకపోతే జీవితమే పోయిందనుకోకు. కుగ్లర్ దొరసాని గారు 1883లో అమెరికా నుంచి గుంటూరు వచ్చి, పెళ్లి మాటే లేకుండా, 1930లో కన్నుమూసేదాకా ఇక్కడి ఆడవాళ్లకు వైద్యం చేశారు. ఆస్పత్రి ఇప్పటికీ ఆమె పేరు మీదే ఉంది. ఆమెది ప్రేమ లేని బతుకని నేనైతే అనలేను.

చివరగా, నీ పాత ప్రధానం చెడిపోయిన సంగతి. ఆ అబ్బాయికి చెప్పొద్దని మీ నాన్న అంటున్నాడట. చెప్పు. రేపు గుడిలో మీ పెళ్లి ప్రకటన చదివి, అభ్యంతరం ఉన్నవాళ్లు తెలియజేయమంటారు. గుంటూరులో ఎవరి సంగతి ఎవరికి తెలియదు? ఇంకొకరి నోటి నుంచి వినేకంటే నీ నోటి నుంచి వినడం మేలు. వినగానే ఏమన్నాడన్నది అంత ముఖ్యం కాదు. ఆ తర్వాత వారం రోజులు ఎలా ఉన్నాడో చూసి నాకు రాయి. ప్రధానం తేదీ సంగతి అప్పుడు మాట్లాడుకుందాం. ఈలోగా మీ నాన్న తొందరపెడితే అత్తయ్య ఆగమందని చెప్పు, వాడితో నేను మాట్లాడతాను.

మీ మేనత్త