రంగు కుదుళ్లకు మాత్రమే

ప్రశ్న: నా వయసు 48. టీచర్‌ని. ఏడేళ్లుగా తలకు రంగు వేసుకుంటున్నాను. మొదట్లో నెలన్నరకోసారి వేస్తే సరిపోయేది, ఇప్పుడు ఇరవై రోజులకే పాపిట తెల్లబడుతోంది. జుట్టంతా గరుకుగా తయారైంది. దువ్వితే చివర్లు తెగి చేతిలోకొస్తున్నాయి. నలుపు వేసినా పది రోజులకే రాగిరంగులోకి తిరుగుతోంది. పక్కింటావిడ కోడిగుడ్డు పట్టించమంది, పార్లర్‌లో కెరాటిన్ చేయించుకోమన్నారు. మాఘమాసంలో మా అమ్మాయి పెళ్లి. ఈలోగా బాగుపడే దారి చెప్పండి.
– ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: చేదు మాట ముందే చెప్పేస్తానమ్మా. తలలోంచి బయటికొచ్చిన వెంట్రుకకు ప్రాణం లేదు, కాబట్టి దెబ్బ తగిలితే మానడమనేది ఉండదు. సీసా మీద ఏం రాసి ఉన్నా సరే. ఉన్నదాన్ని ఇంకా పాడవకుండా చూసుకోవాలి, కొత్తగా వచ్చేదాన్ని చెడగొట్టకుండా ఉండాలి. కొత్తది నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది.

మీరు రాయకపోయినా నాకు తోచింది చెబుతాను. రంగు వేసిన ప్రతిసారీ కుదుళ్ల నుంచి చివరిదాకా పూస్తున్నారు కదూ? నా పార్లర్‌కి వచ్చేవాళ్లలో చాలామంది ఇంట్లో చేసే పని ఇదే. గిన్నెలో కాస్త మిగిలింది, డబ్బులు పోసి కొన్నది పారబోయడమెందుకని చివర్లకు రాసేస్తారు. వీపు మధ్యదాకా ఉన్న జుట్టు చివరకు నాలుగేళ్లు పైనే వయసుంటుంది. ఏడాదికి పదిసార్లు లెక్కేసుకున్నా ఆ చివర నలభైసార్లు రంగు తాగింది. తెల్లబడేది మాత్రం కుదుళ్ల దగ్గరి సెంటీమీటరే!

క్రీమ్ డైలో రెండు భాగాలుంటాయి. రంగు ఉన్నదాంట్లో అమ్మోనియా, రంగునిచ్చే పీపీడీ అనే రసాయనం లాంటివి, రెండోదాంట్లో హైడ్రోజన్ పెరాక్సైడ్. ఇరవై వాల్యూమ్ అని రాసి ఉంటే అది 6 శాతం. వెంట్రుక పైపొర ఇంటికప్పు మీది పెంకుల్లా ఒకదానిమీదొకటి పరుచుకుని ఉంటుంది. అమ్మోనియా వాటిని లేపుతుంది, పెరాక్సైడ్ లోపలికెళ్లి రంగు పుట్టిస్తుంది. ఆ హడావుడిలో వెంట్రుకకు పుట్టుకతో ఉన్న సన్నని కొవ్వు పొర పోతుంది, మళ్లీ రాదు. చిక్కులూ గరుకూ అందుకే. 'అమ్మోనియా లేదు' అన్న ప్యాకెట్‌లో చాలాసార్లు అదే పని చేసే ఇథనాలమిన్ ఉంటుంది. ఘాటు తక్కువ, అంతే. పెరాక్సైడ్ అందులోనూ ఉంటుంది.

రాగిరంగు సంగతీ ఇక్కడే ఉంది. పెరాక్సైడ్ మీ సొంత నలుపును కూడా కొంత కరిగిస్తుంది. పైన వేసిన రంగు తలంట్లకు పోగానే అడుగునున్న ఎరుపు బయటపడుతుంది. రంగు నాసిరకమనుకుని బ్రాండు మారుస్తారు, మళ్లీ జుట్టంతా పూస్తారు, మళ్లీ ఇంకాస్త ఎరుపు.

ఇకనుంచి పాయలు తీసి, బ్రష్‌తో కుదుళ్లకే పూయండి. మిగతా జుట్టుకు ముందే కొబ్బరినూనె పట్టించండి, రంగు జారినా అంతగా పట్టదు. పొడుగు మరీ వెలిసినట్టుంటే పెళ్లికి వారం ముందు పెరాక్సైడ్ లేని సెమీ పర్మనెంట్ రంగు ఒకసారి చాలు. మధ్యలో పాపిట కనిపిస్తే టచప్ స్టిక్ ఉంది.

కొబ్బరినూనె అన్నాను కదా, అది అమ్మమ్మల మాట మాత్రమే కాదు. 2003లో రేలే, మొహిలే అనే మన పరిశోధకులు కొబ్బరినూనె, పొద్దుతిరుగుడు నూనె, మినరల్ ఆయిల్ పోల్చి చూస్తే, జుట్టులోని ప్రొటీన్ పోకుండా ఆపింది కొబ్బరినూనె ఒక్కటే. (వాళ్లు పనిచేసింది కొబ్బరినూనె అమ్మే కంపెనీలోనే, అదీ చెప్పాలి.) తలస్నానానికి ముందురాత్రి రాయండి. కుంకుడుకాయ జుట్టులో ఉన్న నూనెనంతా లాగేస్తుంది కాబట్టి పెళ్లయ్యేదాకా పక్కన పెట్టండి. మైల్డ్ షాంపూ తలకు, కండిషనర్ పొడుగుకు. కండిషనర్ ఉండగానే వెడల్పు పళ్ల దువ్వెనతో చిక్కు తీసేయండి. బోరు నీళ్లయితే చివరి రెండు చెంబులూ ఫిల్టర్ నీళ్లు పోసుకోండి, రంగు వేసిన జుట్టు ఉప్పునీళ్లలోని కాల్షియంను ఎక్కువ పీల్చుకుంటుంది. తడిజుట్టును టవల్‌తో టపటపా కొట్టే అలవాటుంటే ఇవాళే మానండి. వెంట్రుక తడిగా ఉన్నప్పుడే తేలిగ్గా తెగుతుంది.

కోడిగుడ్డులోని ప్రొటీన్ వెంట్రుక లోపలికి పోలేనంత పెద్దది. పొరపాటున వేడినీళ్లు పోశారా, తలలో ఆమ్లెట్ ఏరుకోవాలి. జుట్టు నునుపు చేస్తామని పెట్టే కెరాటిన్ ట్రీట్‌మెంట్ వద్దు. చాలాచోట్ల వాడే మందు వేడికి ఫార్మాల్డిహైడ్ అనే ఘాటు వాయువు వదులుతుంది, కళ్లు మండేది అందుకే. పైగా అది పట్టడానికి రెండొందల డిగ్రీలు దాటిన ఇస్త్రీ పెడతారు. మీ జుట్టు దానికి తట్టుకోదు.

చివర్లు రెండంగుళాలు కత్తిరించేయండి. పెళ్లిలో ఎలాగూ సవరం పెట్టి జడ వేస్తారు, ఎవరూ కనిపెట్టరు.

ఇంకొకటి. ఏళ్లతరబడి పడిన రంగే ఒకరోజు పడకపోవచ్చు. ప్రతిసారీ 48 గంటల ముందు చెవి వెనక కాస్త రాసి చూడండి. దురద, కనురెప్పల వాపు వస్తే రంగు ఆపి చర్మవైద్యుల దగ్గరికెళ్లండి. ఇలా పడకపోవడానికి ఎక్కువగా కారణం పీపీడీ, నల్ల హెన్నా ప్యాకెట్లు చాలావాటిలోనూ అది ఉంటుంది. అసలు గోరింటాకు తెల్లజుట్టును ఎర్రగానే చేస్తుంది, నలుపు కావాలంటే దానిమీద నీలి ఆకు (ఇండిగో) పొడి పెట్టాలి.

ప్రశ్న: ఇంజినీరింగ్ ఆఖరి సంవత్సరం. ముందు పాయలు బ్లీచ్ చేయించి నీలం వేయించుకున్నాను. వెలిసి ఆకుపచ్చగా అయింది. ప్లేస్‌మెంట్లు వస్తున్నాయి. నలుపు వేసేసుకోవచ్చా?
– ఒక విద్యార్థిని, హైదరాబాద్

జవాబు: నేరుగా వద్దమ్మా. బ్లీచ్ అయిన పసుపు మీద నలుపు పడితే మట్టిగా, పచ్చఛాయగా కనిపించి త్వరగా పోతుంది. ముందు రాగిఛాయ రంగుతో నింపించి, ఆపైన డార్క్ బ్రౌన్ వేయించుకో. రెండూ పెరాక్సైడ్ లేనివే అడుగు. వెళ్లేముందు ఒక తడి వెంట్రుకను లాగి చూడు. రబ్బరులా సాగి వెనక్కి రాకపోతే ఏ మందూ పెట్టించుకోకు, ఆ పాయలు కత్తిరించుకుని వెళ్లు.