లైట్లన్నీ వేసినా పేపర్ కనబడదంటారు, వెంటనే తీసేయమంటారు.. నాన్నకు ఏ లైట్లు పెట్టించాలి?

ప్రశ్న: మా నాన్నగారికి 74 ఏళ్లు. ఆరు నెలల కిందట కూకట్‌పల్లిలో కొత్త ఫ్లాట్‌లోకి మారాం. హాల్లో ఫాల్స్ సీలింగ్ చేయించి 12 ఎల్ఈడీ లైట్లు పెట్టించాం. అన్నీ వేసినా పేపర్లో అక్షరాలు ఆనడం లేదంటారు. కాసేపటికే కళ్లలో గుచ్చుకుంటున్నాయి, తీసేయమంటారు. రాత్రి బాత్రూమ్‌కు వెళ్తూ రెండుసార్లు తూలారు. షుగర్ ఉంది. కుడి కంటికి రెండేళ్ల కిందట శుక్లం ఆపరేషన్ అయింది. ఇంకా ఎక్కువ వాట్ల లైట్లు పెట్టించాలా?
– ఓ పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: వద్దండి. వాట్లు పెంచితే గుచ్చుకోవడమే పెరుగుతుంది. ఆయన చెప్పే రెండు మాటలూ నిజమే, చాదస్తం అనుకోకండి.

వయసు పెరిగేకొద్దీ కంటిపాప చిన్నదవుతుంది, చీకట్లో కూడా మునుపటిలా విచ్చుకోదు. లోపలి లెన్స్ మందమెక్కి పసుపు తిరుగుతుంది. ఈ రెంటి వల్ల 20 ఏళ్ల వాళ్ల రెటీనాకు (కంటి లోపలి తెరకు) చేరే వెలుగులో 60 దాటినవాళ్లకు సుమారు మూడోవంతే అందుతుంది. అందుకే పేపర్ ఆనదు. అదే లెన్స్ ఇప్పుడు అద్దంలా తేటగా లేదు, పొగ పట్టిన చిమ్నీలా ఉంది. ఎదురుగా వచ్చిన వెలుగును కంటి నిండా చెదరగొడుతుంది. అందుకే గుచ్చుకుంటుంది. అంటే ఆయనకు పేపర్ మీద వెలుగు ఎక్కువ కావాలి, కంట్లో తక్కువ పడాలి. మీ సీలింగ్ లైట్లు సరిగ్గా దీనికి తిరగేసి పనిచేస్తున్నాయి.

ఒక్కసారి ఆయన కుర్చీలో మీరే వెనక్కి వాలి కూర్చోండి. పైన రెండు మూడు లైట్లు నేరుగా మీ కళ్లలోకి చూస్తుంటాయి. తర్వాత ఆయన్ను పేపర్ పట్టుకోమని, ఎండకు అడ్డం పెట్టుకున్నట్టు చెయ్యి నొసటి మీద పెట్టుకోమనండి. అక్షరాలు ఏమాత్రం తేటపడినా లైట్లు ఉన్న చోటే తప్పు.

ఇందుకు కొత్త సీలింగ్ అక్కర్లేదు. కుర్చీ పక్కన లోతైన డొప్ప ఉన్న ల్యాంపు పెట్టండి. వెలుగు భుజం పక్కనుంచి పేపర్ మీద పడాలి, బల్బు ఆయన కంటికి కనబడకూడదు. దీపానికీ పేపర్‌కూ మధ్య దూరం సగమైతే వెలుగు దాదాపు నాలుగింతలవుతుంది. సీలింగ్‌కు ఉన్న బల్బు చేయలేని పనిని 9 వాట్ల బల్బు రెండడుగుల దూరం నుంచి చేసేస్తుంది. అలాగని గదంతా చీకటి చేయకండి, వెలుగుకూ చీకటికీ మధ్య కన్ను అలవాటు పడటం ఈ వయసులో నెమ్మది. ఆయన కుర్చీ మీది లైట్లు ఆపి, మిగతా వాటిని డిమ్మర్‌తో తగ్గించండి. డిమ్మర్‌కు పనికొస్తుందని పెట్టె మీద రాసి ఉన్న ఎల్ఈడీలకే అది బిగించాలి. లేకపోతే మినుకుమినుకుమంటాయి.

ఇక రంగు. తెల్ల ఎల్ఈడీలో అసలు వెలిగేది నీలి చిప్. దాని మీది పసుపు ఫాస్ఫర్ పూత కొంత నీలాన్ని మార్చేస్తే, రెండూ కలిసి తెల్లగా కనిపిస్తాయి. ట్యూబ్‌లైట్ అలవాటు వల్ల మనవాళ్లు షాపులో 'తెల్లది ఇవ్వు' అంటారు, ఎలక్ట్రికల్ షాపులుండే ట్రూప్ బజార్‌లో అయినా ముందు చేతికొచ్చేది 6500 కెల్విన్ కూల్ డే లైటే. కెల్విన్ అంటే వెలుగు రంగుకు కొలత, అంకె పెరిగేకొద్దీ నీలం పాలు పెరుగుతుంది. నీలం పాలు ఎక్కువున్న ఆ వెలుగు పెద్దవాళ్లకు మరింత గుచ్చుకుంటుంది. హాలుకు 3000, చదివే చోట 4000 కెల్విన్ చాలు. మాత్రలు వేసుకునే చోట సీఆర్ఐ (రంగులను ఎంత సరిగ్గా చూపిస్తుందో చెప్పే కొలత) 90 ఉన్న బల్బు పెడితే తెల్ల మాత్రకూ లేత పసుపు మాత్రకూ తేడా తెలుస్తుంది.

మీ నాన్నగారి విషయంలో ఇంకో మెలిక ఉంది. కుడి కంట్లో కొత్త లెన్స్, ఎడమ కంట్లో 74 ఏళ్ల పాతది. ఒక్కో కన్ను మూసి తెల్ల గోడను చూడమనండి. ఒక కంటికి నీలం పాలిన తెలుపు, రెండోదానికి టీ మరక పడ్డట్టు కనిపిస్తే ఆశ్చర్యపోకండి. గుచ్చుకోవడం ఏ కంట్లో ఎక్కువో కూడా అడగండి. ఎడమ కంట్లో అయితే అక్కడ శుక్లం ముదురుతుండొచ్చు. కుడి కంట్లో అయితే ఆపరేషన్ లెన్స్ వెనక పొర మసకబారి ఉండొచ్చు, అది కొందరికి నెలలూ ఏళ్లూ గడిచాక వస్తుంది, ఓపీలోనే లేజర్‌తో పోతుంది. ఏదైనా సరే, బల్బులు మార్చడానికి ముందు కంటి పరీక్ష. మెహదీపట్నంలోని సరోజినీదేవి కంటి ఆసుపత్రి, బంజారాహిల్స్‌లోని ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి, లేదా మీకు దగ్గర్లోని కంటి డాక్టర్, ఎక్కడైనా సరే. షుగర్ ఉంది కాబట్టి చుక్కలు వేసి కంటిపాప విప్పి రెటీనా చూడటం ఏడాదికోసారి ఎలాగూ తప్పదు.

రాత్రి తూలడాన్ని మాత్రం పూర్తిగా లైట్ల మీదికే తోసేయకండి. లేవగానే బీపీ పడిపోతుందేమో, షుగర్ వల్ల పాదాల్లో స్పర్శ తగ్గిందేమో మీ ఫిజీషియన్ చూడాలి. మంచం నుంచి బాత్రూమ్ వరకు మోకాలి ఎత్తు లోపు, కదలికకు వెలిగే పసుపు-నారింజ చిన్న లైట్లు రెండు మూడు పెట్టండి. పాతకాలపు జీరో బల్బు ఉద్దేశం మంచిదే కానీ అది గోడ పైన వెలిగేది, కాలు పడేచోట కాదు. నిద్ర మధ్యలో తెల్ల ట్యూబ్‌లైట్ వేస్తే ఆపాక కళ్లు మళ్లీ చీకటికి అలవాటు పడటానికి చాలాసేపు పడుతుంది, నిద్రకు పనికొచ్చే మెలటోనిన్ కూడా తగ్గుతుంది. తెల్ల టైల్స్ బాత్రూమ్‌లో గడప అంచుకు ముదురు రంగు టేపు అంటించండి, ఖర్చు యాభై రూపాయలు దాటదు.

కంట్లో నొప్పి, తలనొప్పి, వాంతులతో పాటు దీపాల చుట్టూ ఇంద్రధనస్సు వలయాలు కనిపిస్తే అది నీటికాసులు కావొచ్చు, ఆ గంటే ఆసుపత్రికి వెళ్లాలి. మెరుపులు మెరిసినట్టున్నా, తెర దించినట్టు ఒక పక్క కనబడకపోయినా ఆ రోజే చూపించాలి.

పరీక్షకు వెళ్లేటప్పుడు ఆయన వేసుకునే మాత్రల చీటీ పట్టుకెళ్లండి. పాప విప్పే చుక్కలు వేశాక నాలుగైదు గంటలు మసకగానే ఉంటుంది, కాబట్టి తిరిగొచ్చేటప్పుడు ఆయన్ని బండి నడపనివ్వకండి, చలువ కళ్లద్దాలు వెంట ఉంచండి.