గురువుగారు పోయాక బ్యాండ్ పేరు ఎవరిది?

ప్రశ్న: మా గురువుగారు 1998లో విజయవాడలో సింథసైజర్ బ్యాండ్ పెట్టారు. గాయకులు ఉండరు, అంతా కీబోర్డులు, ప్యాడ్లు, కంప్యూటర్ మీదే. నేను 2006లో ఆయన దగ్గర పనిలో చేరాను. మరో ఇద్దరు 2009 నుంచి ఉన్నారు. 2023 నవంబరులో గురువుగారు గుండెపోటుతో పోయారు. ఆసుపత్రిలో నా చెయ్యి పట్టుకుని "బ్యాండ్ ఆపకండిరా" అన్నారు. ఆ మాట కోసమే ముగ్గురం అదే పేరుతో ప్రోగ్రాంలు చేస్తున్నాం. ఇప్పుడు, ఏనాడూ కీబోర్డు ముట్టని ఆయన కొడుకు ఆ పేరు వాడొద్దని, వచ్చిన డబ్బుకి లెక్క చెప్పమని లాయర్ నోటీసు పంపాడు. గురువుగారి భార్య, మా అందరికీ అమ్మగారు, ఏమీ మాట్లాడడం లేదు. జర్మనీలో టాంజరీన్ డ్రీమ్ బ్యాండ్ పెట్టినాయన పోయాక మిగతా సభ్యులు నడుపుతున్నారు కదా, మేమెందుకు నడపకూడదు? ట్రేడ్‌మార్క్ నా పేరు మీద చేయించెయ్యమని ఒక మిత్రుడు అంటున్నాడు. ఇంకొక మాట. 2012లో స్పీకర్లు, మిక్సర్ కొన్నప్పుడు నలుగురం తలా లక్షన్నర వేసుకున్నాం, బిల్లు ఒకరి పేరు మీదే ఉంది, కాగితం ఏదీ రాసుకోలేదు. ప్రోగ్రాం డబ్బులో ఖర్చులు పోను గురువుగారు సగం, మిగతా సగం మేం ముగ్గురం తీసుకునేవాళ్లం.
- ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: "ఇంకొక మాట" అంటూ మీరు చివర్లో రాసిందే మీ కేసు. దానికి ముందు రాసినదాంట్లో కోర్టుకి పనికొచ్చేవి తేదీలు మాత్రమే.

తేలాల్సింది ఒక్కటే. మీరు గురువుగారికి భాగస్వాములా, లేక ఆయన పెట్టుకున్న కళాకారులా? కళాకారులైతే ఆ పేరు, దానికున్న గుడ్‌విల్ (పేరుకి జనంలో ఉన్న విలువ) ఆయన సొంత ఆస్తి. వీలునామా లేకుండా పోయి ఉంటే హిందూ వారసత్వ చట్టం కింద అది భార్యకి, పిల్లలకి, తల్లి బతికి ఉంటే ఆవిడకి సమానంగా వెళ్తుంది. కొడుక్కి కీబోర్డు వాయించడం వచ్చా రాదా అన్నది ఎవరూ అడగరు. భాగస్వాములైతే కథ మారుతుంది. భాగస్వామ్య చట్టం సెక్షన్ 14 ప్రకారం గుడ్‌విల్ కూడా సంస్థ ఆస్తే. అందులో మీ ముగ్గురికీ వాటా ఉంటుంది, గురువుగారి వాటా వారసులకి ఉంటుంది. అంతేగానీ పేరు మొత్తం మీది అయిపోదు. సంస్థ రద్దయ్యాక లెక్కలు పూర్తిగా తేలేదాకా ఆ పేరుతో వ్యాపారం చేయకుండా మిగతా భాగస్వామిని, లేదా అతని వారసుణ్ణి, ఆపే హక్కు సెక్షన్ 53 ఇస్తుంది. ఆ హక్కు మీకూ ఉంది, కొడుక్కీ ఉంది.

చివరి కోరిక సంగతి. నోటిమాట వీలునామా కాదు. వీలునామా అంటే రాతలో ఉండాలి, ఆయన సంతకం ఉండాలి, ఇద్దరు సాక్షులు సంతకం చెయ్యాలి. ఆ మాటకి విలువ ఉంటే వేరేచోట ఉంది. భాగస్వామి చనిపోతే సంస్థ రద్దవుతుందని భాగస్వామ్య చట్టం సెక్షన్ 42 చెబుతుంది, కానీ భాగస్వాముల మధ్య వేరే ఒప్పందం ఉంటే ఆ ఒప్పందమే చెల్లుతుంది. "నా తర్వాత మీరు నడపండి" అన్న అర్థంలో గురువుగారు అంతకుముందే మీ నలుగురి గ్రూపులో మెసేజో, వాయిస్ నోటో పెట్టి ఉంటే అది ఆ ఒప్పందానికి సాక్ష్యంగా నిలబడవచ్చు. ఆసుపత్రిలో మీరొక్కరే విన్న మాట ఒంటరిగా నిలబడదు. అందుకే పాత ఫోన్లు వెతకండి. దొరికిన మెసేజ్‌ని స్క్రీన్‌షాట్ తీసి ఊరుకోవద్దు, ఫోన్ని అలాగే ఉంచండి. భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ లేకుండా ఆ కాపీని కోర్టులో చూపడం కష్టం.

భాగస్వామ్యం రుజువు చేయాల్సింది మీరే. పదిహేడేళ్లు కలిసి పనిచేసి ఒక్క కాగితం రాసుకోలేదు. ఆరు లక్షల సామాను నలుగురి డబ్బుతో కొని బిల్లు ఒకరి పేరు మీద తీసుకున్నారు. గురువు మీద గౌరవం వేరు, లెక్క వేరు. ఒక స్టాంపు కాగితం మీద నాలుగు ముక్కలు రాసుకుని ఉంటే ఈ నోటీసు వచ్చేదే కాదు. ఇక మిగిలిన దారి చుట్టూ ఉన్న సాక్ష్యం పోగేయడం. ఆ లక్షన్నర బ్యాంకు ద్వారా వెళ్లిందా, చేతికిచ్చారా? ప్రోగ్రాం డబ్బు మీకు ప్రతిసారీ ఒకే మొత్తం వచ్చేదా, లాభాన్ని బట్టి మారేదా? మారేదైతే ఆ స్టేట్‌మెంట్లన్నీ బ్యాంకు నుంచి తీసుకోండి. ఈవెంట్ మేనేజర్లతో రేట్లు మీరు కూడా మాట్లాడేవారా? అన్నిటికన్నా బరువైన ప్రశ్న: 2020లో కరోనాకి ప్రోగ్రాంలు రద్దయి అడ్వాన్సులు తిరిగిచ్చి ఉంటే ఆ నష్టం ఎవరి జేబులోంచి పోయింది? లాభంలో వాటా జీతగాడికీ ఇస్తారు. నష్టం మోసినవాణ్ణి జీతగాడని అనడం కొడుకు లాయరుకి కష్టమవుతుంది.

మీ ఉత్తరంలో "ఆయన దగ్గర పనిలో చేరాను" అని రాశారు. ఆ మాట జవాబు నోటీసులో పడితే మీ కేసుని మీరే మూసేసినట్టు. సొంతంగా జవాబు రాసి పంపవద్దు.

టాంజరీన్ డ్రీమ్ ఉదాహరణని మీరు తలకిందులుగా చదివారు. ఎడ్గార్ ఫ్రోజె 1967లో పశ్చిమ బెర్లిన్‌లో ఆ బ్యాండ్ పెట్టారు. క్లాస్ షుల్ట్సె మొదటి ఆల్బమ్‌తోనే వెళ్లిపోయారు, పీటర్ బామన్ 1977లో వెళ్లారు, క్రిస్టొఫర్ ఫ్రాంకె 1980ల చివర్లో వెళ్లారు. అందరూ పెద్ద కళాకారులే, అయినా పేరు ఎవరి వెంటా పోలేదు, ఫ్రోజె దగ్గరే ఉంది. 2015 జనవరి 20న ఆయన వియన్నాలో పోయారు. ఆ తర్వాత థోర్‌స్టెన్ క్వేష్నింగ్, ఉల్రిచ్ ష్నౌస్, హోషికో యమానె బ్యాండ్‌ని కొనసాగించారు. వాళ్లు ముగ్గురూ సొంతంగా తీసుకున్న నిర్ణయమని మీరు అనుకుంటున్నారు. ఫ్రోజె భార్య బియాంకా ఫ్రోజె అక్వే మొదటినుంచీ ఆ కొనసాగింపు వెనక నిలబడ్డారు. ఆయన వదిలివెళ్లిన సంగీతపు ముక్కల ఆధారంగా 2017లో 'క్వాంటం గేట్' వచ్చింది, ఆయన భద్రపరిచిన రికార్డింగుల్ని వాడుకుని 2022లో 'రౌమ్' వచ్చింది. కొడుకు జెరోం ఒప్పుకోలేదు, నాన్న లేకపోతే ఆ బ్యాండ్ లేనట్టేనని బహిరంగంగా చెప్పారు. ఆయన 1990 నుంచి 2006 దాకా ఆ బ్యాండ్‌లో స్వయంగా వాయించినవాడు. అయినా ఆయన అభ్యంతరంతో బ్యాండ్ ఆగలేదు. జర్మనీ సంగతి మన కోర్టుకి నజీరు కాదు. కానీ గురువుగారి భార్య మౌనాన్ని మీరు ఎంత తేలిగ్గా తీసుకున్నారో దాన్నిబట్టి అర్థం చేసుకోండి. ఆవిడ వారసురాలు. వారసుల్లో మీతో మాట్లాడే అవకాశం ఉన్నది బహుశా ఆవిడే. గురువుగారి లాప్‌టాప్‌లో విడుదల కాని ట్రాక్‌లు ఉంటే వాటిని కూడా ముట్టవద్దు. స్వరకర్త పోయాక మరో 60 ఏళ్లు కాపీరైట్ ఉంటుంది, అది వారసులది. రాతపూర్వకమైన అనుమతి లేకుండా ఒక్కటి కూడా వాయించకండి.

కాలపరిమితి గురించి మీరు ఒక్క ముక్క అడగలేదు, అదే నాకు ఎక్కువ ఆందోళన. రద్దయిన భాగస్వామ్యంలో లెక్కలు, లాభంలో వాటా కోరే దావాకి లిమిటేషన్ చట్టం ఆర్టికల్ 5 ఇచ్చేది మూడేళ్లు, రద్దయిన రోజు నుంచి. సంస్థ గురువుగారి మరణంతో రద్దయిందని కోర్టు అంటే 2026 నవంబరుతో అయిపోతుంది. ఆ సామానులో మీ లక్షన్నర వాటా కూడా దానితో పోవచ్చు. "అయితే నవంబరు దాటేదాకా నోరు మూసుకుంటే కొడుకు కూడా అడగలేడు కదా" అని ఎవరైనా చెబితే వినకండి. లెక్కల దావాకి గడువు పోవచ్చు, కానీ మీరు ఆ పేరుతో చేసే ప్రతి ప్రోగ్రాం కొత్త తప్పే అని అతను ఇంజంక్షన్ (ఆపమనే కోర్టు ఉత్తర్వు) అడగగలడు. పైగా లెక్కలు తేల్చకుండా సంస్థ ఆస్తితో వ్యాపారం నడిపితే భాగస్వామ్య చట్టం సెక్షన్ 37 కింద చనిపోయిన భాగస్వామి వారసులు ఆయన వాటా ఆస్తికి తగ్గ లాభమైనా అడగవచ్చు, లేదా ఆ వాటా మీద ఏటా 6 శాతం వడ్డీ అయినా అడగవచ్చు. ఏది కావాలో ఎంచుకునేది వాళ్లు.

మీ మిత్రుడి సలహా విషయానికొస్తే, వద్దు. ఆన్‌లైన్‌లో 4,500 రూపాయలు కట్టి దరఖాస్తు పెట్టడం గంట పని. కానీ "1998 నుంచి వాడుతున్నాను" అని రాయాలంటే అఫిడవిట్ ఇవ్వాలి. 1998లో మీరు ఆ బ్యాండ్‌లో లేరు. 2023 తర్వాతి తేదీ రాస్తే అంతకుముందు ఆ పేరు వేరొకరిదని మీరే ఒప్పుకున్నట్టు. ట్రేడ్‌మార్క్ జర్నల్‌లో ప్రకటన వచ్చిన నాలుగు నెలల్లో కొడుకు అభ్యంతరం వేస్తాడు. పొరపాటున రిజిస్టర్ అయినా రద్దు చేయించవచ్చు, ముందునుంచి ఆ పేరుతో ఉన్నవారి హక్కు రిజిస్ట్రేషన్‌తో పోదు. మీకు మిగిలేది దురుద్దేశంతో, అబద్ధపు ప్రమాణంతో పేరు కాజేయబోయిన శిష్యుడన్న రికార్డు. రేపు భాగస్వామ్యం గురించి మీరు నిజం చెప్పినా జడ్జి నమ్మరు. గురువుగారి యూట్యూబ్ ఛానల్ పాస్‌వర్డ్ మీకు తెలుసని వాడుతుంటే అదీ ఇవాళే ఆపండి. ఇతరుల పాస్‌వర్డ్‌ని దురుద్దేశంతో వాడితే ఐటీ చట్టం సెక్షన్ 66సి కింద మూడేళ్ల దాకా జైలు ఉంది.

చేయాల్సింది ఇది. ఒక సివిల్ లాయరు ద్వారా జవాబు నోటీసు పంపించండి. అందులో 2006 నుంచి, 2009 నుంచి భాగస్వాములమని, వారసుల వాటాని గౌరవిస్తున్నామని, లెక్క చూపడానికి సిద్ధమని ఉండాలి. 2023 నవంబరు నుంచి చేసిన ప్రతి ప్రోగ్రాం తేదీ, వచ్చిన మొత్తం, ఖర్చు ఒక పుస్తకంలో ఎక్కించండి. ఒప్పందం కుదిరేదాకా సొంత పేర్లతో వాయించండి, పోస్టర్ మీద గురువుగారి ఫొటో వేయకండి. ఆ నోటీసు కాపీతో మీ జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి మీడియేషన్ (మధ్యవర్తి ముందు రాజీ ప్రయత్నం) కోసం దరఖాస్తు పెట్టండి. మీ వివాదం విలువ మూడు లక్షలు దాటుతుంది కాబట్టి, అత్యవసర ఇంజంక్షన్ అడగని దావాకి ముందు కమర్షియల్ కోర్టుల చట్టం ఎలాగూ అది కోరుతుంది, అక్కడ గడిచిన కాలం లిమిటేషన్‌లో కలవదు. సంస్థ రిజిస్టర్ కాలేదని భయపడకండి, రద్దయిన సంస్థ లెక్కల దావాకి అది అడ్డు కాదు.

అక్కడ అడగాల్సిన రాజీ ఇది: పేరు మీద ట్రేడ్‌మార్క్ 41వ క్లాసులో (వినోద సేవల తరగతిలో) వారసులు, మీరు ముగ్గురు ఉమ్మడిగా పెట్టుకోవడం, వాడుకునే హక్కు బ్యాండ్‌కి రాతపూర్వకంగా ఇవ్వడం, ప్రతి ప్రోగ్రాం మీద అమ్మగారికి ఒక శాతం ముట్టడం. లేదంటే వాళ్ల వాటా గుడ్‌విల్‌ని వెలకట్టి కొనేయండి. ఏ కాగితమైనా కొడుకు ఒక్కడి సంతకంతో సరిపెట్టుకోవద్దు. గురువుగారికి కూతుళ్లు ఉన్నారా, తల్లి బతికి ఉన్నారా అన్నది మీరు రాయలేదు. ఉంటే వాళ్ల సంతకాలు కూడా కావాలి. అక్టోబరు చివరికి రాజీ కుదరకపోతే ఆగకుండా దావా దాఖలు చేయించండి.